కిటికీ పక్కన పర్మనెంటు

ఆ బుధవారం పొద్దున దొరస్వామి అనుకున్నది ఒక్కటే. సూపరింటెండెంటు గంగులయ్యను సెలవు అడిగి, పదకొండు గంటల బస్సెక్కి కుప్పం చేరాలి. అక్కడ బావమరిది వెంకటప్ప పనిచేసే గ్రానైటు ఫ్యాక్టరీలో కంప్యూటరు తెలిసిన మనిషి కావాలన్నారు. సాయంత్రంలోగా ఓనరుకు ముఖం చూపిస్తే ఉద్యోగం ఖాయం. దొరస్వామికి నలభై నిండబోతున్నాయి. ఇది తప్పితే ఇంకొకరు పిలిచి పని ఇస్తారన్న ఆశ అతనికి లేదు.

పుంగనూరులోని ఆ సర్కారు ఆఫీసు ఏ శాఖదో చెప్పకపోవడమే మేలు. చెబితే ఒక్క శాఖే నొచ్చుకుంటుంది, చెప్పకుంటే అందరూ సమానంగా నొచ్చుకుంటారు. అందులో అతను తొమ్మిదేళ్ళుగా టెంపరరీ ఆపరేటరు. ఈ తొమ్మిదేళ్ళలో గోడలకు రెండుసార్లు సున్నం పడింది గానీ, అతని పేరు పక్కన 'టెంపరరీ' అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

అతను వెళ్ళేసరికి గంగులయ్య ఫోనులో ఉన్నాడు. దొరస్వామి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవును సార్, మొదట్నించీ టెంపరరీగానే ఉండాది. కిటికీ పక్కన ఉండేదే సార్. పాతదే, అయినా పని బాగనే సేస్తాంది. దినామూ మారస్తాంటే అందరికీ కష్టమే కదా సార్. సరే, రేపే పర్మనెంటు సేసేద్దాం."

దొరస్వామి చెవులు రిక్కించాడు. కిటికీ పక్కన కూర్చునేది తనే. రోజూ మార్చేదీ తననే. సోమవారం టపా పని, మంగళవారం టైపు పని, మంత్రిగారు వస్తే కుర్చీలు మోసే పని. మనిషిని పట్టుకుని 'ఉండాడు' అనకుండా 'ఉండాది' అన్నాడేమిటన్న అనుమానం రావలసిందే. కానీ గంగులయ్య ఏనాడూ తనను మనిషి కింద జమకట్టిన పాపాన పోలేదు. అందుకని ఆ మాట అతనికి వింతగా తోచలేదు.

"సార్, రేపు పర్మనెంటు అంటాండారు... నిజమేనా?"

"ఇనేసినావా? నిజమేనప్పా. మదనపల్లె నించి మనిషి వస్తాండాడు. సెలవూ గిలవూ అనొద్దు. నువ్వే దగ్గరుండి సేయించుకోవాల."

"ఇన్నేండ్లకు సార్!"

"దేనికైనా టైము రావాల కదప్పా," అన్నాడు గంగులయ్య ఫైలు తిప్పుతూ.

దొరస్వామి బయటికొచ్చి, రూపాయి ఫోను నుంచి కుప్పానికి మాట్లాడాడు.

"నేను రాలేను వెంకటప్పా. ఈడ నన్ను పర్మనెంటు చేస్తాండారు."

"బాగా ఆలోచించుకో బావా. నువ్వు రాకుంటే రామకుప్పం ఆయనొకడు కాసుకోనుండాడు."

"ఆయనకే ఇప్పించు. పాపం, ఎవురికన్నా ఒకరికి మేలు కానీ," అన్నాడు దొరస్వామి. పర్మనెంటు ఉద్యోగి కాగానే మనిషికి దానగుణం అలవడుతుంది.

భార్య మునీశ్వరి ఈ విషయం విని ఏడ్చింది, నవ్వింది, ఆ వెంటనే బయలుదేరదీసింది. భర్త ఉద్యోగం గట్టిపడితే గుండు కొట్టిస్తానని ఆమె బోయకొండ గంగమ్మకు మొక్కుకుని ఏడేళ్ళయింది.

"ఆర్డరు చేతికి రానీలేవే," అన్నాడు దొరస్వామి.

"ముందే ఇచ్చేద్దామయ్యా. తీసుకున్నాక అమ్మవారు మాత్రం ఎట్ల కాదంటాది?"

లెక్క బాగానే ఉంది. సాయంత్రం బస్సుకే వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చారు.

మరునాడు దొరస్వామి నున్నటి గుండుతో, చేతిలో మైసూరుపాకు పొట్లంతో ఆఫీసులో అడుగుపెట్టాడు. చీపురు పట్టుకుని ఉన్న అటెండరు సిద్దమ్మ అతన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నాయనా! ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదమ్మా, ఇది సంతోషానికి. తీపి తీసుకో."

సిద్దమ్మ గంగులయ్య దగ్గరికి పరుగెత్తి, దొరస్వామి ఇంట్లో చావు జరిగిందనీ, దుఃఖంతో మతి చలించి మిఠాయి పంచుతున్నాడనీ చెప్పింది. అరగంటలో ఆఫీసంతా గొంతు తగ్గించింది. పాపం, అంత గౌరవం అతను ఎన్నడూ ఎరగడు. పర్మనెంటు అయితే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు.

పదకొండింటికి మదనపల్లె నుంచి చెంగల్రాయుడనే మనిషి వచ్చాడు. నేరుగా కిటికీ దగ్గరికి వచ్చి కంప్యూటరు మీద చెయ్యి వేశాడు.

"ఇదేనా?"

"నేనే సార్," అన్నాడు దొరస్వామి.

"నువ్వు కాదప్పా, ఇది. ఎప్పుడు ఆన్ చేసినా నెట్‌వర్కులో కొత్త నంబరు తీసుకుంటాది. నిన్న ఒకటి, ఈ పొద్దు ఒకటి. ఆడ మదనపల్లె పెద్దాఫీసులో మేము దీన్ని యాడని ఎతుక్కునేది? మారకుండా ఒకే నంబరు ఇచ్చేస్తే పర్మనెంటుగా ఉంటాది."

"పర్మనెంటు... దీనికా?"

"మరి ఎవురికి?"

దొరస్వామి మిగిలిన మైసూరుపాకు పొట్లాన్ని సొరుగులో పెట్టేశాడు. చెంగల్రాయుడు జేబులు తడుముకున్నాడు.

"అద్దాలు బస్సులో మరిసిపోయినా. నువ్వే కొట్టప్పా, నేను చెప్తా. ఇదైతే మేము ఆణ్ణించే దీంట్లోకి వచ్చి ఎంట్రీలన్నీ చేసుకుంటాం. ఈడ మనిషి కూసునే పనే ఉండదు."

దొరస్వామి నెట్‌వర్కు సెట్టింగులు తెరిచాడు. నంబరు దానంతట అదే తీసుకొమ్మనే గుర్తు తీసేసి, కింది గళ్ళలో చెంగల్రాయుడు చెప్పిన అంకెలు కొట్టాడు. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి. చివరి గడి దగ్గర వేలు ఆగింది. అక్కడొక్క అంకె తప్పు వేస్తే ఈ దిక్కుమాలిన యంత్రం మదనపల్లెకు దొరకనే దొరకదు. కానీ తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పు కొట్టని వేళ్ళు అవి. ఇరవై అయిదు అని సరిగ్గా కొట్టి, ఓకే నొక్కేశాయి.

"భేష్!" అన్నాడు చెంగల్రాయుడు. "ఇంక దీన్ని ఎవురూ కదిలించలేరు."

దొరస్వామి రూపాయి ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

"రామకుప్పం ఆయన పొద్దున్నే చేరిపోయినాడు బావా," అన్నాడు వెంకటప్ప. "అయినా ఇంక నీకేం తక్కువ? పర్మనెంటు!"

ఫోను పెట్టేసి దొరస్వామి అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాడు. దారిన పోయేవాళ్ళు గుండు చూసి, పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు. గంగులయ్య మాత్రం వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

"ఏడవద్దప్పా. పోయినోళ్ళు తిరిగొస్తారా? ఇంటికి పోయి దినాలు సూసుకో. ఇంక ఈడ పని కూడా ఏమీ లేదు. రేపట్నించి నువ్వు రావద్దులే."

అలా అతని ఉద్యోగం ఒక ఓదార్పు మాటతో పోయింది. కంప్యూటరు మాత్రం అదే నంబరుతో కిటికీ పక్కన ఇంకా నాలుగేళ్ళు పనిచేసింది. దాన్ని తీసేసేటప్పుడు రూలు ప్రకారం ముగ్గురు అధికారులతో కమిటీ వేసి, కారణాలన్నీ కాగితం మీద రాసి మరీ తీసేశారు.