రెండు దారులూ ఒకే గోతిలో

మన దేశపు ఇంటర్నెట్‌కు వెన్నెముక నిలబెట్టే ఇంజనీర్లను తయారుచేసిన గురువుల్లో నేనూ ఒకణ్ణి. నవ్వకండి. ఐదో తరగతి దాటనివాడికి ఇంత గొప్పేమిటని పక్కవాళ్లతో గుసగుసలు పోకండి. రాయగడలో మా వీధి చివర, సైకిల్ షాపు మీది అంతస్తులో, మెడకు టై కట్టుకుని మాస్టారి కుర్చీలో కూర్చున్న నన్ను కళ్లారా చూసిన సాక్షులున్నారు.

ఏం పాఠమంటారా? సర్వీస్ ప్రొవైడర్ బ్యాక్‌బోన్ నెట్‌వర్క్! అంటే మీ ఇంటికీ మా ఇంటికీ వచ్చే సందుదారి కాదు. ఊళ్లకు ఊళ్లు, రాష్ట్రాలకు రాష్ట్రాలు తమ మాటలూ బొమ్మలూ పంపుకునే రాజమార్గం. కోట్లమంది ఒకేసారి ఎక్కినా అది కుంగకూడదు. ఒకచోట తెగితే సరుకంతా ఇంకోవైపు నుంచి చుట్టుతిరిగి చేరాలి. అంతటి దాన్ని కట్టడం ఆరు నెలల్లో నేర్పుతామని గోడ మీద పెద్దక్షరాలతో రాశారు. ఎక్కడ? మబ్బు పడితే చాలు, ఫోన్‌లో గీతలు మాయమయ్యే మా ఊళ్లో.

ఇదేం విడ్డూరమని చదువుకున్నవాళ్లు పెదవి విరిచారు. నేను ఒప్పుకోను. నెట్ పని నేర్పడానికి నెట్ లేని ఊరే శ్రేష్ఠం. నీళ్లు లేని బావిలో ఈత నేర్పితే ఒక్క పిల్లాడైనా మునుగుతాడా? తల్లిదండ్రులకు ఎంత నిశ్చింత!

ఆ శిక్షణ సంస్థలో రౌటర్ లేదు. రౌటర్ ఫొటో ఉంది, నిలువెత్తు ఫ్లెక్సీ మీద. రోజూ పొద్దున్నే దానికి అగరువత్తి వెలిగించేవారు. పిల్లలు నిజం కేబుల్ తెచ్చి ఫ్లెక్సీ మీది కన్నానికి ఆనించి పట్టుకుని, కనెక్టు అయింది సార్ అనేవారు. దీని సుఖం చూడండి! కరెంటు తాగదు, వేడెక్కదు. ఒకసారి ఎలుక కొరికితే టేపు అంటించారు. అంతకుముందు ఎంత పనిచేసిందో, తర్వాతా అంతే పనిచేసింది. లక్షలు పోసి కొన్న రౌటర్ ఏదైనా ఇంత నమ్మకంగా ఉంటుందా?

పాఠాలు చెప్పడానికి భువనేశ్వర్ నుంచి మనోరంజన్ సార్ వచ్చాడు. తెర మీద ఉన్నది ఆయన చదివేవాడు, పిల్లలు తిరిగి చదివేవారు. మా చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టే. ఒక దారి తెగితే అని ఆయన, రెండో దారి సార్ అని పిల్లలు. హఉ, హఉ అని ఆయన ఒడియాలో అవునంటూ తృప్తిగా తల ఊపేవాడు. ఆ కోరస్ కింద టీ కొట్టు దాకా వినిపించేది. నాకూ గున్నయ్యకూ కంఠతా వచ్చేసింది.

గున్నయ్య అంటే నా కబుర్లకు ఊ కొట్టడానికే దేవుడు పుట్టించిన మనిషి. నేను పులిని గొడుగుతో బెదిరించానంటే, ఏ రంగు గొడుగని మాత్రమే అడిగేవాడు.

ఇక నా గురుత్వం సంగతి. ఒకరోజు సంస్థను తనిఖీ చేయడానికి పైనుంచి అధికారి వస్తున్నాడన్నారు. మాస్టార్లు తక్కువ, పిల్లలూ తక్కువ. మనోరంజన్ సార్ టీ కొట్టుకు పరుగెత్తుకొచ్చి మా ఇద్దరినీ పైకి లాక్కుపోయాడు. నాకు కళ్లజోడు ఉంది కాబట్టి మాస్టారినయ్యాను. గున్నయ్యకు లేదు కాబట్టి విద్యార్థి అయ్యాడు.

"ఇదేటి బావా, నువ్వు మేస్టరేటి, నాను కుర్రోణ్ణేటి? నీకంటే నాకే రెండెక్కాలు ఎక్కువొచ్చు కదా" అని బెంచీ మీద గొణిగాడు.

అధికారి వచ్చి, గున్నయ్య నెరిసిన మీసాన్ని ఎగాదిగా చూసి, లింకు తెగితే ఏం చేస్తావని అడిగాడు. గున్నయ్య లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"తెగితే ఇంకో తోవంట ఎల్తాం బాబూ. తోవలు రెండూ ఒక్కపాలి మూసుకుపోవు కదా."

అధికారి ముఖం వెలిగిపోయింది. సంస్థకు ఇంకో సంవత్సరం గుర్తింపు దొరికింది. నేనేం చెప్పానంటారా? ఏమీ చెప్పలేదు. దగ్గకుండా కూర్చున్నాను. అదే నా గురుత్వం. టై కూడా తిరిగి తీసేసుకున్నారు.

ఆ బ్యాచ్‌లో ఫ్లెక్సీకి దణ్ణం పెట్టని పిల్ల ఒక్కతే, దొర్కా. వాళ్లమ్మ రూతమ్మ కాశీపూర్ అవతల కొండ మీద చిన్న ఆరోగ్యకేంద్రంలో నర్సు. అక్కడ డాక్టరు లేడు. గుండె బొమ్మ గీసే మెషిన్ ఉంది. ఎవరికైనా గుండెలో నొప్పి వస్తే రూతమ్మ వైర్లు అంటించి, బొమ్మ గీయించి, నెట్‌లో పట్నం డాక్టరుకు పంపాలి. ఆయన చూసి ఏ ఇంజక్షన్ వేయాలో చెప్పాలి. చెప్పకుండా వేయడానికి ఆమెకు అధికారం లేదు. అందుకే ఆ కొండకు నెట్ దారి తెగకూడదు. దొర్కా ఈ చదువులో చేరిందే అందుకు.

సరిగ్గా ఆ కొండకే కొత్త ఫైబర్ కేబుల్ వేసే పని ఒక కాంట్రాక్టరుకు వచ్చింది. పిల్లలకు ఫీల్డ్ ట్రైనింగ్ అని సంస్థ వాళ్లందరినీ అక్కడికి తోలింది. కాగితం మీద ప్లాను ముచ్చటగా ఉంది. ఒక కేబుల్ రాయగడ వైపు నుంచి, రెండోది కోరాపుట్ వైపు నుంచి. ఒకటి తెగితే రెండోది. తీరా చూస్తే కాంట్రాక్టరు రాయగడ రోడ్డు పక్కన ఒకే గొయ్యి తవ్వించి, రెండు కేబుళ్లనూ అందులోనే పడుకోబెడుతున్నాడు, పెళ్లిపీటల మీద జంటలాగా.

దొర్కా మనోరంజన్ సార్‌ను పట్టుకుంది.

"కాపలావోళ్లు ఇద్దరినీ ఒక్క మంచం మీద తొంగోబెట్టి, రెండు కాపలాలున్నాయంటే ఎలాగ సార్?"

ఆయన విసుక్కోలేదు. కేబుళ్లు రెండు ఉన్నాయా లేవా అని అడిగాడు. ఉన్నాయి. బిల్లులోనూ రెండు, పరీక్షలోనూ రెండు. గొయ్యి గురించి సిలబస్‌లో లేదు. కాంట్రాక్టరు కూడా నచ్చజెప్పాడు. కోరాపుట్ వైపంతా రాయి, ఇటువైపు మెత్తటి మన్ను, దేశసేవ ఎటునుంచి చేసినా దేశసేవేనని.

నేను కాంట్రాక్టరు పక్షమే. రెండు కేబుళ్లు రెండు కొండల్లో ఒంటరిగా పడుంటే వాటికి తోడెవరు? మతిలేని మాటనకండి. పెద్ద పెద్ద ఇంజనీర్లు సంతకాలు పెట్టి ఒప్పుకున్న మాటే.

వానలు వెలిశాయి. రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. గున్నయ్య ఆ కొండ మీదే ఉన్న కూతురింటికి వెళ్లాడు, అల్లుడి పొలంలో వరి కోతకు సాయమని. ఒక మధ్యాహ్నం అక్కడే గుండె పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయాడు. కూతురు ఆరోగ్యకేంద్రానికి మోసుకెళ్లింది. రూతమ్మ వైర్లు అంటించింది. మెషిన్ బొమ్మ గీసింది. పంపబోతే దారి లేదు.

అంతకు కాస్త ముందే రోడ్డు తవ్వే జేసీబీ ఒకే ఒక్క పంటిగాటుకు రెండు కేబుళ్లనూ పైకి లాగింది. కొండ మీది సెల్ టవర్ కూడా ఆ కేబుళ్ల మీదే బతుకుతోంది కాబట్టి ఫోనూ లేదు.

ఇక్కడ రాయగడ క్లాసులో ఆ లైను బొమ్మ తెర మీద ఉంది. రెండు గీతలూ ఒక్కసారే ఎర్రబడ్డాయి. మనోరంజన్ సార్ ఆనందం పట్టలేకపోయాడు. పాఠం ఆపి, చూడండి, నిజమైన ఫెయిల్యూర్, ఏ పెద్ద కాలేజీలో దొరుకుతుంది ఈ భాగ్యమని చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. దొర్కా మాత్రం ఫోను చెవికి ఆనించుకుని, "అమ్మా, ఎత్తమ్మా" అంటూనే ఉందట.

కొండ మీద రూతమ్మ ఇంకేం చేస్తుంది? బొమ్మ కాగితం మడిచి గున్నయ్య కూతురి చేతిలో పెట్టి, అతణ్ణి ఆటోలో పడుకోబెట్టి రాయగడ ఆస్పత్రికి పంపింది. ఎక్కిస్తుంటే గున్నయ్య కళ్లు తెరిచి, "కంగారేటి సిస్టరమ్మా? మా బావ కబుర్లు ఇన్నేళ్లు ఇని ఆగని గుండి, ఇప్పుడాగుతాదేటి?" అన్నాడు. రూతమ్మ నవ్వేసింది.

మర్నాటికల్లా కేబుళ్లు అతికించారు. రెండూ ఆ గోతిలోనే. సంస్థ గోడ మీద కొత్త మాట చేరింది, ప్రత్యక్ష ఫెయిల్యూర్‌తో శిక్షణ అని. అడ్మిషన్లు బాగున్నాయట. కోరాపుట్ వైపు దారి కోసం దొర్కా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. కేబుళ్లు రెండు ఉన్నాయి కదమ్మా అంటున్నారు.

నేను చెప్పేవాటిలో అబద్ధం పాలెంతో ఏరుకోవడం మీకు సరదా అని తెలుసు. ఈసారి ఆ శ్రమ వద్దు. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆటో ఎక్కిస్తుంటే గున్నయ్య ఆ మాట అనలేదు. ఏ మాటా అనలేదు. ఇక ఆస్పత్రితో పనిలేక ఆటో సగం దారిలోనే వెనక్కి తిరిగింది.