తిరిగేదానికల్లా కందెన

1949 వేసవిలో ఒక సోమవారానికి కొండాపూర్ కనకలక్ష్మి వేసుకున్న కార్యక్రమం చాలా సాధారణమైనది. ఎనిమిదిన్నరకు మోటారు సైకిలెక్కి హఫీజ్‌పేట్ స్టేషనుకు చేరాలి. పదింటి రైల్లో దిగే ఆరోగ్యశాఖ అధికారికి బండిని చూపి ఉద్యోగం తీసుకోవాలి. నాలుగు మైళ్ల దారికి ఆమె గంటన్నర కేటాయించింది. ఇంత ముందుచూపు ఆ ఊళ్లో ఇంకెవరికీ లేదు.

ఏడు ఊళ్లు తిరిగి కాన్పులు చూడవలసిన ఉద్యోగమది. ప్రకటనలో షరతులు రెండే. అభ్యర్థికి సొంత వాహనం ఉండాలి. అది నడుస్తున్నదని ఊరి పోలీసు పటేలు సంతకం చేయాలి. కాన్పు చేయడం వచ్చునా అని అడగాలన్న ఆలోచన ఆ షరతులు రాసినవారికి కలగలేదు. సొంత వాహనమున్న ఆడది ఉండదన్న ధీమా మాత్రం ప్రతి అక్షరంలోనూ కనిపించింది. సికింద్రాబాదు దవాఖానలో పదకొండేళ్లు నర్సుగా పనిచేసి, అక్కడే మోటారు సైకిలు నడపడమూ నేర్చుకున్న కనకలక్ష్మి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, లేచి పశువుల కొట్టంలోకి వెళ్లింది.

కొట్టంలో ఆమె భర్త రామచంద్రం మోటారు సైకిలుంది. స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక తెల్లదొర దగ్గర ఇరవై ఏళ్ల కింద కొన్నాడు. ఏటా దసరాకు దానికి కుంకుమ పెట్టేవాడు. ఎక్కేవాడు మాత్రం కాదు. మోటార్లు పసితనంలో ఉన్ననాటి బండి. గేర్లు లేవు, క్లచ్చు లేదు. ఇంజను తిరిగినంతసేపు తోలు పట్టా తిరుగుతుంది, పట్టా తిరిగినంతసేపు వెనక చక్రం తిరుగుతుంది. ముందు చక్రాన్ని పట్టే ఇనుప కాళ్లు వంగిపోయాయి. చక్రాల ఊచల మధ్య కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

ఆమె సికింద్రాబాదు వెళ్లి, మిలిటరీవారు అమ్మిన తుక్కులోంచి రెండు చక్రాలు, స్ప్రింగులున్న ఒక జత ముందు కాళ్లు తెచ్చింది. వాటిని బిగించే పని ఊరి వడ్రంగి వడ్ల లింగమూర్తికి అప్పగించింది. ఏడూళ్ల ఎడ్లబండ్లకు చక్రాలు చేసిన చేయి అతనిది. ఎనిమిది రోజుల్లో పని ముగించాడు. పాత హ్యాండిలు కొత్త కాళ్లకు పట్టకపోతే దాన్ని కొట్టం మూలన పడేసి, మిలిటరీ హ్యాండిలే బిగించాడు. ఇంజనును ఆపే మీట పాత హ్యాండిలుకే ఉండేదని అతనికి తెలియదు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి రామచంద్రం. ఆయన ఆ వారమంతా భయంతో కొట్టం వైపు రాలేదు.

సోమవారం ఉదయం పోలీసు పటేలు వెంకటనారాయణ ఆమె వాకిట్లో నిలబడ్డాడు. అదే ఉద్యోగానికి అతని అల్లుడు నర్సింహ కూడా అభ్యర్థి. నర్సింహ కాంపౌండరు, అతనికి గుర్రముంది. ఆ గుర్రానికి కావలసిన సంతకం పటేలు ముందురోజే చేశాడు.

"ఆడది మోటరెక్కుడేంది? సంతకం లేదు, ఏం లేదు. పో," అన్నాడు పటేలు.

"ఎట్లైతే పెడ్తరు పటేలా?"

"నేను గా బండి మీద కూసొని హఫీజ్‌పేట్ దాంక పోయిననాడు పెడ్త!"

కనకలక్ష్మి చుట్టూ చూసింది. "గీ మాట అందరిన్నరు గద?"

"ఇన్నం," అన్నారు ఇరుగుపొరుగు బుచ్చమ్మ, నీలమ్మ, ఇంకో పది మంది. పటేలు నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆమె చీర కాసెపోసి కట్టి, కొలిచి తెచ్చుకున్న రేషను పెట్రోలు పోసి, బండెక్కింది. లింగమూర్తి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఫికర్ జేయకక్కా. తిరిగేదానికల్లా కందెన పెట్టిన. ఆముదం, మసి. చక్రం లోపటి డబ్బాలల్ల గూడ నిండ పూసిన."

"మంచిది," అన్నదామె. చక్రాల లోపలి డబ్బాల్లో ఉండేవి బ్రేకులని ఆ క్షణంలో గుర్తుకు రాకపోవడం ఆ ఉదయం ఆమె చేసిన ఒకే ఒక్క తప్పు.

బుచ్చమ్మ, నీలమ్మ వెనకనుంచి తోశారు. పది అడుగులకు ఇంజను దగ్గింది. ఇరవై అడుగులకు గర్జించింది. ఊరి చివర గుర్రం మీదున్న నర్సింహ ఆ చప్పుడు విన్నాడు. గుర్రం అంతకుముందే విన్నది. అది పొలాలకు అడ్డంగా మాదాపూర్ వైపు వెళ్లిపోయింది. అల్లుడి అభిప్రాయం అడగలేదు.

పటేలు దారి మధ్యకొచ్చి చెయ్యెత్తాడు. "ఆగు!"

ఆమె బ్రేకు నొక్కింది. ఆముదం తన పని తాను చేసింది. ఇంజనును ఆపే మీట ఏదైనా ఉంటుందేమోనని హ్యాండిలు మీద బొటనవేలితో తడిమింది. అక్కడ నున్నటి ఇనుము తప్ప ఏమీ లేదు. పటేలు పక్కకు దూకాడు. కానీ నలభై ఏళ్లుగా ఎడ్లబండ్లను ఆపుతున్న మనిషి. పోతున్న బండి ఆగాలంటే వెనకనుంచి ఎగిరి తోకమీద కూర్చోవాలి. కాడి పైకి లేస్తుంది, ఎద్దులు నిలబడతాయి. అతను అదే చేశాడు. వెనక సామాను పెట్టే ఇనుప చట్రం మీద బరువుగా కూర్చున్నాడు. ఎద్దులు లేని ఆ బండి యథాప్రకారం సాగిపోయింది.

"ఆపు! ఆపవే!"

"ఆగుతలేదు పటేలా. జర గట్టిగ పట్టుకోండ్రి."

"నన్ను సంపుతవా ఏంది?"

"నేను నర్సును. అది నా పని గాదు."

కొత్త ముందు కాళ్లకు మంచి స్ప్రింగులున్నాయి. ప్రతి గుంతనూ అవి మర్యాదగా దాటించాయి. వెనక చట్రానికి స్ప్రింగులు లేవు.

హఫీజ్‌పేట్ చేరేసరికి ఇంకా తొమ్మిది కాలేదు. ఆగే వీలు లేదు గనుక ఆమె స్టేషను ముందున్న, రైలు పట్టాల కింద వేసే దుంగల గుట్ట చుట్టూ తిరగసాగింది. రైలు వచ్చేదాకా తిరిగింది. కొత్త సర్కారు కోస్తా నుంచి తెచ్చిన అధికారి గొడుగుతో బయటికి వచ్చి నిలబడిపోయాడు.

"నమస్తే సార్! కనకలక్ష్మి, కొండాపూర్!" అంటూ ఆమె ఆయన ముందునుంచి వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చేసరికి ఆయన తేరుకుని కాగితం తీశాడు. "అనుభవం ఎంతండీ?"

"పదకొండేండ్లు!"

తర్వాతి చుట్టుకు, "కాన్పులు ఎన్ని చేశారండీ?"

"ఆరు నూర్లు!"

ఆ తర్వాతి చుట్టుకు, "వెనకాల ఎవరండీ?"

"మా పటేల్ సాబ్!"

"దింపుండ్రి నన్ను! అయ్యా, దండం వెడ్త, దింపుండ్రి!" అన్న మాట గుట్ట వెనక్కి వెళ్లిపోయింది.

ఇంకో మూడు చుట్లకు పెట్రోలు అయిపోయింది. బండి అధికారి ఎదుటికి మెల్లగా వచ్చి నిలిచింది. కనకలక్ష్మి దిగి, కొంగు సవరించుకుని, సంచిలోంచి కాగితం తీసి పటేలు ముందు పెట్టింది.

"నేను పెట్ట," అన్నాడు పటేలు. నిలబడడానికి అతను దుంగను పట్టుకోవలసి వచ్చింది.

"పన్నెండు మంది ముందట మీరే జెప్పిన్రు. బండి మీద కూసొని హఫీజ్‌పేట్ దాంక వచ్చిన్రా, రాలేదా? రాలేదంటే రాలేదనే రాయుండ్రి. సారు సాక్షి."

"వచ్చారు కదండీ, నేను చూశానుగా," అన్నాడు అధికారి, నర్సింహ దరఖాస్తులో మామగారి పేరు చూస్తూ. "ఇంతకీ మీ అల్లుడుగారు, గుర్రం ఎక్కడండీ?"

పటేలు మాదాపూర్ వైపు చూశాడు. దుమ్ము కూడా కనిపించలేదు. కాగితాన్ని దుంగ మీద పెట్టి సంతకం చేశాడు.

కనకలక్ష్మి చక్రం లోపల వేలు పెట్టి తీసి, వాసన చూసి, తుడుచుకుంది. అధికారి కాగితంలో వాహనం నడుస్తున్నదని ధ్రువీకరించి నియామకం రాశాడు. ఆగుతుందా అన్న గడి ఆ కాగితంలో లేదు.