సంతకం కోసం నీరైన ఉప్పు

సంతకం ఆలస్యమైతే సైన్సుకు మేలు! నవ్వకండి, రుజువుంది.

కూర్మన్నపాలెం నుంచి రోజూ రెండు బస్సులు మారి విశాఖలోని ఓ కాలేజీకి వచ్చే సత్యశ్రీ కెమిస్ట్రీలో పరిశోధన చేస్తోంది. ఒక ఆమ్లాన్నీ ఒక క్షారాన్నీ మిథనాల్‌లో కలిపి, ఇంతవరకు ఎవరూ చేయని సేంద్రియ లవణాన్ని తయారుచేయాలని ఆమె పట్టుదల. ద్రావణం త్వరగా ఆరడానికి హాట్‌ప్లేట్ కావాలని జనవరిలో అర్జీ పెట్టుకుంది. డిపార్టుమెంటు హెడ్డు గురునాథరావు గారు దాన్ని భద్రంగా సొరుగులో పెట్టారు.

ఏం చేస్తుంది? మార్చి దాకా చూసి, బీకరుకు కాగితం కట్టి, సూదితో చిల్లులు పొడిచి, అలమరలో వదిలేసింది. ఇరవై ఒకటో రోజున చూస్తే అడుగున పటికబెల్లం ముక్కల్లాంటి స్ఫటికాలు! వేడిచేసి ఉంటే పిండే మిగిలేది.

"సూసేవా? నాను సంతకం పెట్టకపోబట్టే!" అన్నారు గురునాథరావు గారు. కాదనగలమా?

మైక్రోబయాలజీలోని స్నేహితురాలు షాహీనా ఆ లవణాన్ని బాక్టీరియా పెంచిన ప్లేటు మీద పరీక్షించింది. మర్నాటికి లవణం చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఖాళీ.

"సత్యా, ఒక్కటీ బతకలేదే!" అని కేకేసింది షాహీనా. సత్యశ్రీకి కళ్లు చెమర్చాయి.

ఇక ఎక్స్‌రేతో అణువుల అమరిక తేలితే, అది కొత్త లవణమని లోకం ఒప్పుకుంటుంది. యంత్రం హైదరాబాద్‌లో ఉంది. ఫారం మీద హెడ్డు సంతకం కావాలి.

"తొందరేటమ్మా? నిదానంగా పెరిగిన సరుకు నిదానంగానే ఎల్తాది," అన్నారాయన.

నలభై రోజులు గడిచాయి. మే నెల సముద్రపు గాలి స్ఫటికాలు దాచిన సీసాలోకీ దూరింది. తేమ పీల్చే సిలికా గింజలు కావాలన్న అర్జీ కూడా ఆ సొరుగులోనే ఉంది మరి! స్ఫటికాలు నీరైపోయాయి.

సత్యశ్రీ ఏడుస్తూ కూర్చోలేదు. షాహీనా దగ్గర సిలికా గింజలు అడిగి తెచ్చి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఇరవై ఒక్క రోజులు. స్ఫటికాలు రాగానే ఫారం పట్టుకెళ్లి హెడ్డు ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"పెట్టేసి ఎల్లమ్మా, సూత్తాను."

"మీరు సూసేదాకా నాను ఇక్కడే కూకుంటాను సార్."

ఆయన ఫ్యాను వైపు చూశారు, గడియారం వైపు చూశారు. చివరికి పెన్ను తీశారు.

రిపోర్టు వచ్చింది. కొత్త లవణమే! ఆ ఘనతంతా ఓపికదేనని కాలేజీ సభలో గురునాథరావు గారు అరగంట ఉపన్యసించారు. ఆ సంతకానికి ఎంతసేపు పట్టిందో మాత్రం చెప్పలేదు.

ఆ రోజు ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్న సత్యశ్రీ చూసింది. నాలుగు సెకన్లు!