మెరుపు కోసం ఆగిన ఊపిరి

టిలెక్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. నారిన్ కొండల మీది మేత మైదానానికి వెళ్ళి, జిల్లాలోకెల్లా వయసులో పెద్దదైన బూరుల్ అవ్వను ఫొటో తీసి, మధ్యాహ్నానికల్లా పత్రికాఫీసుకు తిరిగి రావాలి. ఉన్ని గుడారంలో చీకటిగా ఉంటుంది, ఫ్లాష్ మరిచిపోవద్దని సంపాదకుడు హెచ్చరించాడు. టిలెక్‌కు ఫ్లాష్ పేరెత్తితే ఒళ్ళుమంట. మొహాన సున్నం కొట్టినట్టుంటుందని అతని వాదన. దాన్ని సంచి అడుగున పడేసి, మసక వెలుతురులోనూ బొమ్మ పట్టుకునే ఖరీదైన లెన్సును కెమెరాకు బిగించుకున్నాడు.

అవ్వకు పత్రిక మీద ధ్యాస లేదు. తన సమాధి రాతి మీద చెక్కించుకోవడానికి ఆమెకొక మొహం కావాలి. ఇన్నేళ్ళలో తీసిన ప్రతి ఫొటోలోనూ ఫ్లాష్ మెరుపుకు కళ్ళు మూతలు పడ్డాయి.

"ఈసారన్నా కళ్ళు తెరిచి ఉండాలి నాయనా. లేకపోతే రాతి మీద గుడ్డిదానిలా పడుంటాను," అంది.

గుడారం నడినెత్తి కన్నంలోంచి పడే ఎండలో అవ్వ కూర్చుంది. మెరుపు వచ్చేదాకా కదలకూడదని వయసులో ఉన్నప్పుడు ఎవరో చెప్పిన మాట ప్రకారం ఊపిరి బిగబట్టింది. టిలెక్ చప్పుడు కాకుండా నాలుగు ఫొటోలు తీసుకుని, ఆఫీసుకు ఫోన్ చేద్దామని సిగ్నల్ కోసం గుట్టెక్కాడు.

మెరుపు రాలేదు. అవ్వ కదల్లేదు. ఊపిరి చాలనప్పుడు ఎవరికీ తెలియకుండా కాస్త పీల్చి మళ్ళీ బిగబట్టింది.

టీ తెచ్చిన కోడలు అనార్‌గుల్ రెండుసార్లు పిలిచింది. చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది. ఆ కొండగాలికి అది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. అనార్‌గుల్ గొల్లుమంది. చుట్టుపక్కల గుడారాల ఆడవాళ్ళు వచ్చి శోకాలు అందుకున్నారు. మగవాళ్ళు ఆనవాయితీ ప్రకారం బయట కర్రల మీద వాలి ఏడవసాగారు. ముల్లాకు కబురు వెళ్ళింది. వచ్చినవాళ్ళకు భోజనం పెట్టాలి కదా అని కొడుకు సాగిన్ గొర్రెను కోయించాడు. అనార్‌గుల్ ఏడుస్తూనే అత్తగారి నడుము తడిమి సొమ్ముల పెట్టె తాళంచెవి తీసుకుంది.

గుట్ట దిగిన టిలెక్ ఏడుపులు విని గుడారం వైపు పరుగెత్తాడు. అమ్మ ఫొటో తియ్యమన్న సాగిన్‌తో, ఫొటో తీసుకున్నాను, పొద్దున్నే తీసుకున్నాను అని మొత్తుకున్నాడు.

"మెరుపు లేకుండా తీసింది కూడా ఫొటోనేనా తమ్ముడూ? అమ్మ కోరిక. ఒక్కటి సరిగ్గా తియ్యి," అని సాగిన్ చేతులు పట్టుకున్నాడు.

టిలెక్ తలొంచుకుని ఫ్లాష్ బయటికి తీశాడు. మెరుపు మెరిసింది.

అవ్వ గట్టిగా ఊపిరి వదిలి, "ఇంతసేపా నాయనా?" అంది.

శోకాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అవ్వ ఎవరినీ పట్టించుకోకుండా ఫొటో చూపించమంది. అందులోనూ కళ్ళు మూతలు పడ్డాయి. ఇంక నా రాత ఇంతే అని ఆమె కుంగిపోతుంటే, టిలెక్ గబగబా పొద్దున్న తీసినది చూపించాడు. అందులో ఎండ ముడతల మీద మెత్తగా పరుచుకుని ఉంది, కళ్ళు రెండూ విప్పారి ఉన్నాయి. అవ్వ చాలాసేపు చూసి, కళ్ళు తుడుచుకుంది.

"రాతికి ఇదే. రేపు ఎవరెవరు వస్తారో, ఏం పట్టుకుపోతారో చూస్తుండాలి కదా."

అనార్‌గుల్ పెట్టె తాళంచెవి తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.