పరంధామయ్యగారి బొటనవేలు

మోటారు బస్సు నడిదారిలో ఆగిపోవడం కన్నా మనిషికి జరిగే మేలు మరొకటి లేదు! ఈ మాట ఈ వ్యాసకర్త ఊరికే అనడం లేదు. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే పరంధామయ్యగారి బస్సులో ఏడాది పొడుగునా తిరిగి, ఆగిన ప్రతిచోటా దిగి, బాగా ఆలోచించి మరీ అంటున్నాడు.

కోపం వచ్చిందా? రానివ్వండి. కానీ న్యాయంగా ఆలోచించండి. ఆ బస్సు పదేపదే ఆగబట్టే గదా పూతలపట్టులో గంగులమ్మ బాగుపడింది! అంతకుముందు ఆమెకు ఒక చింతచెట్టూ ఒక మజ్జిగ కుండా తప్ప ఇంకేమీ లేవు. ఇప్పుడు తాటాకు పందిరి, రెండు బెంచీలు, వేడివేడి ఇడ్లీలు! బస్సు రయ్యిమని పోతూ ఉంటే ఆ ఇడ్లీలు ఎవరు తినేవాళ్ళు?

గట్టు తగాదాలో ఎనిమిదేళ్ళుగా కోర్టుకు తిరుగుతున్న అన్నదమ్ములిద్దరూ వాయిదాకని ఇదే బస్సెక్కారు. బస్సు ఆగింది. వాయిదా దాటిపోయింది. చేసేదేమీ లేక ఇద్దరూ ఒకే చెట్టు కింద కూర్చున్నారు. ఒకరి పొగాకు ఒకరు నమిలారు. సాయంత్రానికి రాజీ! వకీళ్ళు ఈ బస్సును నిషేధించమని అర్జీ పెట్టారని వినికిడి. అది అబద్ధమే కావచ్చు. పెట్టి ఉంటే మాత్రం అందులో తప్పేముంది?

ఇన్ని మేళ్ళకూ మూలపురుషుడు డ్రైవరు చెంగల్రాయుడు. జనం అతన్ని నోరారా తిట్టేవాళ్ళు గనుక అతని సంగతి వివరంగా చెప్పడం ధర్మం.

చెంగల్రాయుడిది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. యుద్ధం రోజుల్లో పటాలంలో చేరాడు. తుపాకీ పట్టలేదు, స్పానరు పట్టాడు. ఎక్కడో అస్సాం అడవుల్లో కరెంటు పుట్టించే ఇంజన్లకు నాలుగేళ్ళు కాపలా కాశాడు. అక్కడ అతను చూసిన వింత ఒకటుంది. ఇంజను లోపల ఆయిలు ఒత్తిడితో తిరుగుతున్నంత సేపూ ఇంజను నడుస్తుంది. ఆయిలు తగ్గి, ఆ ఒత్తిడి పడిపోయిందా, ఒక చిన్న స్విచ్చి టక్కున ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కరెంటును కత్తిరించేస్తుంది. ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. ఆయిల్లేకుండా నాలుగు నిమిషాలు తిరిగితే ఇంజను లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని, కాలి, కరిగి, ముద్దయిపోతుంది. ఆ నాలుగు నిమిషాలూ తిరగనీయకపోవడమే స్విచ్చి పని.

యుద్ధం అయిపోయాక ఇంటికొచ్చిన చెంగల్రాయుడు పరంధామయ్యగారి దగ్గర పనికి చేరాడు. అతనికి ముందున్న డ్రైవరు ఆయిలు చూసుకోలేదని, ఇంజను పోగొట్టాడని మానిపించారట. చెంగల్రాయుడికి అది మనసులో పడింది. పాత ఇత్తడి రేకు, రెండు తీగలు, ఒక స్ప్రింగు తెచ్చుకుని, వారం రోజులు ఇంటి వసారాలో కూర్చుని స్విచ్చి తయారుచేశాడు.

"ఇది దేనికిరా?" అన్నాడు పరంధామయ్య.

"కాపలాకు సామీ. ఆయిల్ల్యాకుంటే బండిని ఇదే నిలబెట్టేస్తాది."

"దారిలో నిలబడిపోతే జనం నన్ను తిట్టరా?"

"నిలబడిన బండి మళ్ళీ నడస్తాది సామీ. ఇంజను పోతే యాడ తెస్తాం?"

కొత్త ఇంజను దొరకని రోజులవి. పరంధామయ్య ఒప్పుకున్నాడు. స్విచ్చికి తోడుగా డ్రైవరు ముందున్న పలకమీద ఒక బొత్తాం కూడా పెట్టాడు చెంగల్రాయుడు. పొద్దున్నే ఇంజను మొదలెట్టేటప్పుడు ఆయిలింకా పైకెక్కి ఉండదు గనుక స్విచ్చి కరెంటు రానివ్వదు. అప్పుడు ఆ బొత్తాం నొక్కితే స్విచ్చితో పనిలేకుండా కరెంటు ఇంజనుకు అందుతుంది. ఇంజను అందుకోగానే వేలు తీసేయాలి.

మొదటి నెలలోనే స్విచ్చి మూడుసార్లు బస్సును ఆపింది. మూడుసార్లూ కారణం ఒక్కటే. ఇంజనుకు ఆయిలు తీసుకుపోయే రాగి పైపు అరిగి, అతుకు దగ్గర కారుతోంది. చెంగల్రాయుడు దిగి, పైపుకు గుడ్డ చుట్టి, సబ్బు మెత్తి, ఆయిలు పోసి మళ్ళీ నడిపేవాడు. ప్రతిసారీ యజమాని దగ్గరికి పోయి, "పైపు మార్పించండి సామీ" అనేవాడు.

"ఎందుకురా? నీ స్విచ్చి ఉండాది గదా!" అనేవాడు పరంధామయ్య.

గమనించారా ఆ దూరదృష్టి! కాపలావాడు ఉన్నాడు గనుక ఇంటికి తలుపు అక్కర్లేదు. సామాన్యులకు ఇంత తెలివి వస్తుందా?

ఆ విధంగా తప్పు పైపుదీ, పొదుపు పరంధామయ్యదీ, తిట్లు చెంగల్రాయుడివీ అయ్యాయి. స్విచ్చికి జనం 'అడ్డుపుల్ల' అని పేరు పెట్టారు. "ఏమబ్బా, ఈ పొద్దు యాడ నిలబెడతావు?" అని ఎక్కేటప్పుడే అడిగేవాళ్ళు. అతను నవ్వేవాడు. కానీ రాత్రి భోజనం దగ్గర భార్య మునిరత్నమ్మతో అనేవాడట, "నేను బండి చెడకుండా సూస్తా ఉంటే, నేనే చెడగొడతా ఉన్నానంటారే!" అని.

కిందటి మాఘమాసంలో ఒకరోజు పరంధామయ్య స్వయంగా బస్సెక్కాడు. తిరుపతిలో మోటారు యజమానుల సంఘంవారు ఆయనకు పూలదండ వేయబోతున్నారు. పదకొండు గంటలకు సభ. జరీ కండువా వేసుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో వరదమ్మ అనే ముసలామె, మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతికి పోతోంది. ఆమె పక్కన బంగారుపాళ్యం చెరకు రైతు తిరుమలయ్య.

పాకాల దాటారు. చంద్రగిరి ఇంకా ఐదు మైళ్ళుందనగా, టక్! ఇంజను ఆగింది. అంతవరకూ వినబడని పక్షుల కూతలు వినబడ్డాయి.

చెంగల్రాయుడు దిగి బానెట్టు ఎత్తాడు. ఈసారి కారడం కాదు, పైపు అతుకే ఊడిపోయింది. వెనక రోడ్డు మీద రెండు ఫర్లాంగుల దూరం నల్లటి చార.

"అర్ధగంట పడతాది సామీ. అతుకు బిగించాల, డబ్బాలో ఉండే ఆయిలు పోయాల."

పరంధామయ్య గడియారం చూసుకున్నాడు. తర్వాత ముందు పలకమీది బొత్తాం వైపు చూశాడు.

"అది నొక్కితే బండి నడస్తాది గదరా?"

"నడస్తాది సామీ. ఆయిల్ల్యాకనే నడస్తాది. అందుకే నొక్కకూడదు."

"ఐదు మైళ్ళే గదా! నొక్కు."

"నేను నొక్కను సామీ."

పరంధామయ్య కోపగించుకోలేదు. అంత పెద్దమనిషి! కండువా సర్దుకుని, ముందుకు వంగి, తన బొటనవేలు తానే బొత్తాం మీద పెట్టాడు. "నువ్వు నడుపు చాలు. నీకు ఇష్టం ల్యాకుంటే దిగు. డ్రైవర్లకు తిరుపతి గొడ్డుపోయిందా?" అన్నాడు నెమ్మదిగా.

ఇక్కడ చెంగల్రాయుడి మనసులో ఏం జరిగిందో ఈ వ్యాసకర్త ఊహించి చెప్పడం లేదు. అతనే చెప్పాడు. పటాలం నుంచి వచ్చాక ఆరు నెలలు పని లేకుండా తిరిగిన రోజులు గుర్తొచ్చాయట. మునిరత్నమ్మ చెవుల కమ్మలు గుర్తొచ్చాయట. అవి అప్పటికే చెవులకు లేవు. అతను ఎక్కి కూర్చున్నాడు. కాలు పెడలు మీద పెట్టాడు.

బస్సు నడిచింది. ఒక మైలు వరకూ బాగానే నడిచింది. "సూసినావా!" అన్నాడు పరంధామయ్య, బొటనవేలు తీయకుండానే. జనమంతా సంతోషించారు. రెండో మైలులో ఇంజను లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఏమిటో బస్సులో చెంగల్రాయుడొక్కడికే తెలుసు.

"ఆపుదాం సామీ. తట్టుతా ఉండాది. మీకు మొక్కుతా."

"తట్టనీ. సభ దగ్గర ఆపుదాం."

"ఏమప్పా, డ్రైవరాయన వద్దంటా ఉండాడు గదా, ఆ ఏలు తీయరాదా!" అంది వెనక నుంచి వరదమ్మ. యజమాని వినిపించుకోలేదు.

చంద్రగిరి కోటగుట్ట కనబడుతూ ఉండగా ఇంజను ఒక్క కేక పెట్టి బిగుసుకుపోయింది. లోపలి కడ్డీ ఒకటి విరిగి, ఇంజను పక్కను బద్దలు కొట్టుకుని బయటికొచ్చింది. వెనక చక్రాలు పట్టేసి బస్సు అడ్డంగా జారింది. ఎదురుగా కల్వర్టు! చెంగల్రాయుడు క్లచ్చి తొక్కి, స్టీరింగు మీద పడి, శక్తికొద్దీ తిప్పాడు. ముందు చక్రం కల్వర్టు గోడను ఒరుసుకుని నిలిచింది. ముప్పైమంది బతికారు. వరదమ్మ ముంజేయి మాత్రం ముందు సీటు కడ్డీకి కొట్టుకుని విరిగింది. మనవరాలు ఒళ్ళోనే ఉంది, దానికి ఏమీ కాలేదు.

పరంధామయ్యకు కూడా గాయమైంది. వేడెక్కిన బొత్తాం బొటనవేలును బొబ్బలెక్కించింది. దారిన పోయే ఒక కారెక్కి ఆయన సభకు సమయానికి చేరుకున్నాడు. వేలికి కట్టు చూసిన అధ్యక్షులవారు, అది ప్రజాసేవలో తగిలిన గాయమని ప్రకటించారట. చప్పట్లు! ఆ వేళకు చెంగల్రాయుడు వరదమ్మను ఎద్దులబండిలో చంద్రగిరి ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. దారంతా ఆమె విరిగిన చేతిని తన తొడ మీద పెట్టుకుని కదలకుండా పట్టుకున్నాడు.

నాలుగు రోజులకు విచారణ జరిగింది. విచారణాధికారి చాలా నిష్పక్షపాతి. యజమానికి కుర్చీ వేయించాడు, మిగతావాళ్ళందరినీ సమానంగా నిలబెట్టాడు.

డ్రైవరు ఏదో పటాలం పరికరం బిగించాడనీ, దానివల్లే బండి పాడైందనీ పరంధామయ్య చెప్పాడు. కట్టుతో ఉన్న చేతిని ఎత్తి, "ఆ బొత్తాం ఈయన నొక్కినాడు సామీ, నేను కళ్ళారా సూసినాను" అంది వరదమ్మ. ఆమెకు యంత్రాల గురించి తెలుసా అని అడిగాడు అధికారి. తెలియదంది. తెలియని విషయంలో సాక్ష్యం చెప్పకూడదని ఆయన మర్యాదగానే చెప్పాడు.

"నువ్వేమంటావు?" అని అడిగాడు చెంగల్రాయుడిని.

చెంగల్రాయుడు వరదమ్మ చేతి వైపు చూశాడు. "స్విచ్చి తన పని అది చేసింది సామీ. బండిని నిలబెట్టింది. బొత్తాం నొక్కింది ఆయన. కానీ నాది గూడా తప్పే. పెడలు మీద ఉండేది నా కాలు. ఉద్యోగం పోతాదని తీయలేదు. తీసి ఉండాల్సింది."

ఎంత గొప్ప మాట! అధికారి కూడా మెచ్చుకున్నట్టే ఉంది. కలం తీసి, ఆ నాలుగు మాటల్లోంచి ఒక్కటి జాగ్రత్తగా ఏరుకుని రాసుకున్నాడు: 'తప్పు తనదేనని డ్రైవరు ఒప్పుకున్నాడు.' తీర్పు రెండు ముక్కలు. చెంగల్రాయుడి లైసెన్సు ఏడాదిపాటు రద్దు. ప్రజల క్షేమం దృష్ట్యా ఇలాంటి ఆపుడు పరికరాలు బస్సులకు బిగించరాదు.

ఇంటికెళ్ళి సంగతంతా చెబితే మునిరత్నమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టిందట. "నిజం చెప్పి వచ్చినావు గదా, కాళ్ళు కడుక్కో, సంగటి తిందువు రా" అందట.

పదిరోజులకు తిరుమలయ్య వెతుక్కుంటూ వచ్చాడు. బంగారుపాళ్యంలో అతని బావికి కొత్తగా ఆయిలింజను పెట్టించాడు. "ఆ పొద్దు నేను బస్సులోనే ఉన్నా గదప్పా. నాకు మాత్రం ఆ అడ్డుపుల్ల పెట్టు" అన్నాడు. ఆ ఇంజనులో నిప్పురవ్వ కరెంటు ఉండదు గనుక, ఒత్తిడి పడితే డీజిలు దారి మూసేసేలా స్విచ్చిని మార్చి పెట్టాడు చెంగల్రాయుడు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం, చెరకు మడి నెర్రెలు విడుస్తుండగా, ఇంజను నీళ్ళు తోడుతూ టక్కున ఆగింది. తిరుమలయ్య అరిచాడు, తిట్టాడు, చెంగల్రాయుడికి కబురంపాడు. వచ్చి చూస్తే ఆయిలు పంపులో చెత్త అడ్డుపడి ఉంది. కడిగి బిగించగానే సాయంత్రానికల్లా కాలవలో నీళ్ళు పారాయి. అది చూస్తూ తిరుమలయ్య, "రోంత తొందరపడి తిట్టినా, మనసులో పెట్టుకోవద్దబ్బా" అన్నాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పదకొండు బావుల దగ్గర చెంగల్రాయుడి స్విచ్చిలున్నాయి. లైసెన్సు తిరిగి ఇస్తామని మొన్న కబురొస్తే, అక్కర్లేదన్నాడట.

పరంధామయ్యగారు కొత్త బస్సు తెచ్చారు. ఎర్రరంగు, మెత్తటి సీట్లు, కొత్త డ్రైవరు. ఆయిలు ఒత్తిడి ఎంతుందో చూపించే గడియారం ఒకటి డ్రైవరు ఎదుట ఉండేది. దాని ముల్లు కిందికి పడినప్పుడల్లా డ్రైవరు భయపడి బండి నెమ్మది చేస్తున్నాడని, యజమాని దాన్ని పీకించి, ఆ కంతకు వేంకటేశ్వరస్వామి పటం బిగించారు. ఇప్పుడు ఆ బస్సులో ఆయిలు ఒత్తిడి తగ్గిందన్న మాటే వినబడదు. బస్సు ఎక్కడా ఆగదు. జనం మహా ఆనందంగా ఉన్నారు. గంగులమ్మ ఇడ్లీలు తగ్గించింది.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టవలసిన ఈ వ్యాసకర్త మాత్రం చిత్తూరు స్టాండులో బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంజను లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు వినిపిస్తోంది. ఎక్కక ఏం చేస్తాడు? ఈ దారిన బస్సు నడిపే పర్మిట్టు సర్కారువారు ఇచ్చింది పరంధామయ్యగారొక్కరికే!