పోర్టు మూసిందెవరు?

ఎనిమిదికి ఒకసారి సరిచూసుకుని, తొమ్మిదికి స్నానం ముగించి, పదకొండుకి ప్రోగ్రాం నడిపి చూపించాలి. ఆ ఉదయం ప్రోగ్రామర్ వేసుకున్న పథకం ఇంతే. ఊరవతల ఉన్న గిడ్డంగి తలుపులను ఇంట్లో కూర్చునే తెరిచే ప్రోగ్రాం అది. తలుపు తెరుచుకుంటే ఉద్యోగం ఖాయం. తెరుచుకోకపోతే ఏమవుతుందో మేనేజర్ రెండుసార్లు మెయిల్లో, ఒకసారి లిఫ్టులో చెప్పాడు.

ఎనిమిదికి ప్రోగ్రాం గిడ్డంగి సర్వర్‌ని పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. నిన్న సాయంత్రం దాకా పిలవగానే పలికిన సర్వర్ అది. కోడ్‌లోనే తప్పుందనుకుని నాలుగు వరుసలు మార్చాడు. తర్వాత నలభై మార్చాడు.

"నిన్న బాగానే ఉందన్నారుగా, మరి ఏం మార్చారు?" అంది భార్య.

"ఏమీ మార్చలేదు. అందుకే ఇప్పుడు మారుస్తున్నా."

తొమ్మిదిన్నరకి మేనేజర్ ఫోన్ చేసి, నిన్నటి కోడ్ ఆఫీసు నుంచి నిక్షేపంలా నడుస్తోందన్నాడు. అంటే దారిలో ఎవరో అడ్డుపడుతున్నారు. ఇంకెవరు, ఇంటర్నెట్ కంపెనీవాళ్ళే. ప్రోగ్రామర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ నెలలో తప్పు తనది కాకపోవడం అదే మొదటిసారి. నిన్నటి కోడ్‌నే మళ్ళీ పెట్టుకున్నాడు.

ఉద్యోగం పోయి, నాలుగు నెలలుగా ఆ ఇంటి సోఫాలో పడుకుని ఫోన్లో తుపాకులాట ఆడుతున్న బావమరిది తలెత్తకుండానే అన్నాడు.

"బావా, నా ఫోన్ నెట్‌తో చూడు. నడిచిందంటే మనింటి లైనే కారణమని తేలిపోతుంది."

"నీ సలహా తీసుకునే గతి నాకింకా పట్టలేదు."

ప్రోగ్రామర్‌కి కావలసింది పని జరగడం కాదు, తప్పెవరిదో నలుగురిలో తేలడం. ఇంటర్నెట్ కంపెనీ అధికారిణిని మీటింగులోకే రప్పించమని మేనేజర్‌ని బతిమాలి ఒప్పించాడు. పదకొండుకి గిడ్డంగి యజమాని, మేనేజర్, అధికారిణి తెరమీదకొచ్చారు. నీళ్ళ గ్లాసుతో భార్య వెనక నిలబడింది.

"నా ప్రోగ్రాంని దారిలో ఎవరు ఆపారో అందరిముందూ చెప్పండి," అన్నాడు ప్రోగ్రామర్.

అధికారిణి రికార్డు వెతికింది. ఆ ఇంటి లైన్లో ఆటలు వెళ్ళే దారులు, అంటే పోర్టులన్నీ ఆ ఉదయమే మూశారట, ఇతని ప్రోగ్రాం వెళ్ళేది కూడా వాటిలో ఒకదాని గుండానేనట.

"పదిరోజుల కిందట మీరే రాసిచ్చారు సార్. చదవమంటారా?"

వద్దనేలోపే చదివేసింది. "'మా ఇంట్లో ఒక దున్నపోతు మేస్తూ రోజంతా ఆటలాడుతోంది. దాని దారులన్నీ మూసేయండి. ఈ సంగతి నా భార్యకు తెలియకూడదు.'"

గ్లాసు బల్లమీద చప్పుడు చేస్తూ దిగింది.

"తన దారి తనే మూయించుకున్న మనిషికి నా గిడ్డంగి తాళాలివ్వలేను," అని యజమాని తెరమీంచి మాయమయ్యాడు. ఆ వెంటే మేనేజర్ కూడా. అధికారిణి మాత్రం అక్కడికక్కడే పోర్టు తెరిపించి, సేవ ఎలా ఉందో అయిదుకి మార్కులు వెయ్యమంది. ప్రోగ్రాం పిలిచింది, సర్వర్ పలికింది, ఊరవతల ఎవరూ చూడని ఓ తలుపు తెరుచుకుంది.

సాయంత్రానికి ఉద్యోగం లేదని మెయిలొచ్చింది. హాల్లో తుపాకుల మోత ఉదయం నుంచీ ఆగనేలేదు, బావమరిది ఆడేది తన ఫోన్ నెట్‌తోనే, ఏనాడూ ఆ ఇంటి లైను వాడలేదు.

ప్రోగ్రామర్ వచ్చి నిలబడితే, బావమరిది కాళ్ళు ముడుచుకుని సోఫాలో కాస్త చోటిచ్చాడు.