మంత్రిగారి గేటు ముందు మ్యాన్‌హోల్

ఇకపై రోగాన్ని ఆసుపత్రిలో కాదు, మురుగులోనే పట్టేస్తామని జాంబియా మురుగు నిఘా మంత్రి కటోంగో గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. జనం మింగిన మాత్రలు చివరికి చేరేది మురుగులోకే కదా. ఏ పేట మురుగులో కలరా మందు ఆనవాళ్లు దొరికితే ఆ పేటకే మంచినీళ్ల ట్యాంకర్లు. ఇంత ముందుచూపున్న నాయకుడి కింద పనిచేయడం ల్యాబ్ టెక్నీషియన్ చిలుఫ్య చేసుకున్న పుణ్యం.

వారంలో రిపోర్టు వచ్చింది. చిబేసా కాంపౌండ్‌లో మందు సున్నా. మంత్రిగారు మురిసిపోయి, ఆ మురికివాడను ఆరోగ్య పేటగా ప్రకటించి సర్టిఫికెట్ పంపారు. సున్నా రాక ఏమొస్తుంది? అక్కడున్నవన్నీ గుంట మరుగుదొడ్లు. మురుగు పైపు మంత్రుల కాలనీ దాటి ఒక్క అడుగు కూడా వేయలేదు.

చిబేసాలోనే ఉండే పిన్ని బానా లూసే ఆ సర్టిఫికెట్‌తో విసురుకుంటూ కూర్చుంటే, చిలుఫ్య వెళ్లి పక్కన కూర్చుంది.

"పిల్లలిద్దరూ చాప మీంచి లేవట్లేదు. మందులు మింగిస్తున్నా, మళ్లీ ఆ బావి నీళ్లేగా తాగేది. ట్యాంకరు రావాలంటే ఏం చెయ్యాలే పిల్లా?"

"పైపులో పడితేనే లెక్క, పిన్నీ."

"పైపు మా దగ్గరికి రాకపోతే మేమే పోతాం దాని దగ్గరికి."

మర్నాడు పొద్దున్నే నలభై మంది ఆడవాళ్లు చిటెంగె గుడ్డలు నడుముకు బిగించి, మూతలు పెట్టిన బకెట్లు నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ మంత్రిగారి గేటు ముందున్న మ్యాన్‌హోల్ దగ్గర బారులు తీరారు. ఇదేమిటని గార్డు అడిగితే, ప్రభుత్వానికి శాంపిల్ ఇస్తున్నామన్నారు. ప్రభుత్వం పేరు వినగానే గార్డు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో సెల్యూట్ కొట్టాడు.

రిపోర్టులో మందు అంకె ఆకాశానికెక్కింది. మంత్రిగారు మాత్రం తొణకలేదు. మంత్రి ఉండే వీధిలో కలరా ఉండటం రాజ్యాంగ విరుద్ధమనీ, ట్యాంకర్లు తెప్పించి మంచినీళ్లు ఆ మ్యాన్‌హోల్‌లోనే పోయిస్తే మురుగు పలచబడి అంకె దానంతటదే దిగుతుందనీ సెలవిచ్చారు. సైన్సు మీద వారికున్న పట్టు అలాంటిది.

ట్యాంకర్లు వచ్చాయి. గొట్టం మ్యాన్‌హోల్‌ను చేరేలోగా ఆడవాళ్ల పసుపు రంగు నీళ్ల డబ్బాలు అడ్డం పడ్డాయి. నీళ్లు ఒక్క చుక్క కింద పడలేదు. బకెట్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

మూడో రోజు మంత్రిగారు చిలుఫ్యకు ఫోన్ చేశారు.

"అంకె తగ్గిందా?"

"లేదు సార్. ఇంకాస్త పెరిగింది."

"నీళ్లు చాలట్లేదన్నమాట. రేపట్నుంచి రోజుకి పది ట్యాంకర్లు పొయ్యమను."

అలాగేనని ఫోన్ పెట్టేసి, చిలుఫ్య పిన్నికి కబురు పంపింది. బకెట్లు తగ్గించొద్దు, డబ్బాలు పెంచండి.